పసుపు ముద్దా, వయ్యారిభామా

మా ఇంటి పక్కన ఒక ఖాళీ స్థలం ఉన్నది. నాలుగు వానలు పడితే చాలు, నడుమెత్తున వయ్యారిభామ లేస్తుంది. ఇక్కడి కన్నడిగులు దీనినే కాంగ్రెస్ గిడ అంటారు. 1955 ప్రాంతాల పుణేలో మన కంటబడిన ఈ అమెరికా కలుపు బెంగుళూరును ఎంతగా కమ్మిందంటే, దానిని తినిపించడానికి మెక్సికో పెంకుపురుగులను తెప్పించి 1984లో ఇక్కడ వదిలారు. పురుగులు తింటూనే ఉన్నవి, మొక్క మొలుస్తూనే ఉన్నది!

మొన్న ఎదురింటి అత్తయ్యగారు వచ్చారు. కనురెప్పలు వాచి, మెడా మోచేతి మడతలూ ఎర్రబడి ఉన్నవి. నెల రోజులుగా పసుపూ వేపాకూ నూరి పట్టిస్తున్నారట. "ముప్ఫై ఏళ్ళుగా ఆ గడ్డి పక్కనే నడుస్తున్నాను నాయనా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?" అన్నారు.

ఈ జబ్బు తీరే అంత. మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థం ఎండుటాకుల పొడితో గాలిలో వచ్చి చర్మానికి అంటుతుంది. మన రక్తంలో టి-కణాలనే కావలివాళ్ళున్నారు గదా, వారు దానిని శత్రువని గుర్తు పెట్టుకుంటారు. అందుకు ఏళ్ళు పట్టవచ్చు. గుర్తు పడ్డాక మాత్రం సులభంగా చెరగదు. పైగా తగిలిన ఒకటి రెండు రోజులకు గాని దద్దు లేవదు కనుక, దోషి ఎవరో ఇంట్లోవాళ్ళు పోల్చుకోలేరు.

అయితే పసుపు ఉత్తదేనా? కాదు. అందులోని కర్కుమిన్, వాపును రగిలించే ఎన్.ఎఫ్. కప్పా-బి అనే కణ సంకేతాన్ని అణచగలదని 1995లో ప్రయోగశాలలో తేలింది. ఆ ఏడే పసుపుతో పుండ్లు మాన్పే పద్ధతికి అమెరికాలో పేటెంటు ఇచ్చారు కూడాను, మన సి.ఎస్.ఐ.ఆర్. వాదించి 1997లో రద్దు చేయించింది. కాని గాజుపాత్రలో కణాలపై పనిచేసిన శుద్ధ పదార్థం వేరు, మనం నూరే ముద్ద వేరు. కడుపులోకి తీసుకున్నా కర్కుమిన్ నెత్తురులోకి చేరేది బహు స్వల్పం. చిట్లిన చర్మం మీద రుద్దితే కొందరికి పసుపే పడదు!

అత్తయ్యగారిని చర్మవైద్యుని వద్దకు తీసుకుపోయాము. వీపు మీద చిన్న పట్టీలంటించి, రెండు రోజుల తర్వాత చూసి, వయ్యారిభామేనని తేల్చారు. స్టెరాయిడ్ లేపనం ఇచ్చారు. ముదిరినవారికి అజథయోప్రిన్ మాత్రలు కూడా ఇస్తారు గాని, అప్పుడు నెత్తురు పరీక్షలు తప్పవు.

మా కుర్రవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుని, పూతకు ముందే ఆ స్థలంలో మొక్కలు వేళ్ళతో పెరికేశారు. అత్తయ్యగారు దారి మార్చి నడుస్తున్నారు. పసుపు గిన్నె తిరిగి వంటింట్లో చేరింది.