పెట్టెలో లేని కాగితం

రంపం అనగానే నా వయస్సువారికి జ్ఞాపకం వచ్చేది రంపపు గుంత. ఊరి వెలుపల చింతచెట్టు నీడన మనిషి లోతు గుంత త్రవ్వి, దానిమీద దుంగను వేసి, ఒకడు పైన, ఒకడు గుంతలో నిలిచి పొద్దు గూకేవరకు దూలాలు కోసేవారు. క్రిందివాని కళ్లలో పొట్టు, పైవాని నడుములో నొప్పి. సాయంకాలం పెద్దాయన ఆకురాయి పట్టుకొని ఒక్కొక్క పల్లుకు పదును పెడుతూ, ప్రక్కన కూర్చున్న కొడుకుతో ఏదో చెబుతూనే ఉండేవాడు. పల్లు ఈ ప్రక్కకు ఎంత వంగవలె, ఆ ప్రక్కకు ఎంత, పచ్చికట్టెకు ఎట్లు, ఎండుకట్టెకు ఎట్లు. పనికంటె మాటే ఎక్కువగా ఉన్నదే అని నాకప్పుడు తోచేది. ఆ మాట కూడ పనిలో భాగమేనని తెలిసికొనడానికి నాకు నలుబది ఏండ్లు పట్టినది.

తెలిపినవాడు నా పూర్వవిద్యార్థి ఒకడు. బి.ఏ. పూర్తిచేసి, మూడేండ్లు ఉద్యోగం కోసం తిరిగి, విసిగి, మైదుకూరు దగ్గర రేకుల షెడ్డు వేసికొని నీటి మోటార్లు బాగుచేసికొంటున్నాడు. కె.సి. కాలువ గట్ల వెంట, బీళ్లలో, ఎండిపోయిన చీనీతోటలలో సర్కారు తుమ్మ, అనగా మన పల్లెల కంపచెట్టు, దట్టంగా అల్లుకొన్నది. దానిని కొట్టించేవారు ఎక్కువైనారు. గొడ్డలి పట్టుకొని ఆ ముండ్లలో చొరబడడం ఎంత కష్టమో చేసినవానికే తెలుసు. అందుకని పెట్రోలుతో నడిచే గొలుసు రంపం ఒకటి కావలెననుకొన్నాడు. "పేరుండే కంపెనీది కొనల్లంటే నాతో యాడయితాది సార్? విడిభాగాల పెట్టె తెప్పిచ్చి నేనే బిగిచ్చుకున్నా" అన్నాడు.

ఇట్టి పెట్టెలు నేడు ప్రపంచమంతటా అమ్ముడుపోతున్నవి. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతోను, 1929లో పెట్రోలుతోను నడిచే గొలుసు రంపాలను చేసినాడు. అమెరికాలో చెట్లు కొట్టే జోసెఫ్ కాక్స్ 1946లో కట్టెను తొలిచే పురుగు దవడలను గమనించి, నేటి గొలుసు పంటికి రూపమిచ్చినాడు. పేటెంటు గడువు సాధారణంగా 20 ఏండ్లు. అది తీరిన వెనుక ఆ ఉపాయం అందరిదీ. స్టిల్ వారి 92 సి.సి. ఎమ్.ఎస్. 660 నమూనాకు సరిపడే భాగాలన్నీ చైనాలో తయారై, ఒకే పెట్టెలో సర్దుకొని వస్తున్నవి. ఒకరి పేరును కాజేయనంతవరకు దీనిని దొంగసొత్తని ఈసడించేవారితో నేను ఏకీభవించను. చేతిలో డబ్బు లేనివాడు యంత్రం కడుపులోనికి తొంగిచూడగలిగేది ఇట్టి పెట్టె వల్లనే.

వానికి దెబ్బ తగిలినదని విని చూడబోయినాను. కట్టు విప్పిన వారానికి అదే రంపాన్ని ఊడదీసి, నా ఎదుట మరల బిగించినాడు. తెలుగు పంతులునైన నేను స్టూలుమీద కూర్చుండి శిష్యుడనైనాను.

ఇంజను పెట్టె రెండు చెంపలుగా ఉంటుంది. వాటి నడుమ క్రాంకు, అతుకులో గ్యాస్కెట్టు, ఇరుకొనల సీళ్లు. సీలు వెంట్రుకవాసి చినిగినా బయటిగాలి చొచ్చి, పెట్రోలు పాలు తగ్గి, పిస్టను కాగి సిలిండరులో పట్టుకొనిపోతుంది. అందువల్ల రంధ్రాలన్నీ మూసి, లోనికి గాలి కొట్టి ఒత్తిడి నిలుచునో లేదో చూడవలె. తరువాత గాలిని బయటికి లాగి మరల చూడవలె. పిస్టను నెత్తిన ఉన్న బాణపు గుర్తు పొగగొట్టం వైపు తిరగవలె. రింగు కొనలు గాడిలోని చిన్న మేకుకు ఇరుప్రక్కల కుదరవలె. లేనిచో సిలిండరు దింపేటప్పుడు రింగు పుటుక్కుమంటుంది. తిరిగే చక్రానికి, నిప్పురవ్వ పుట్టించే కాయిలుకు నడుమ ఒక విజిటింగు కార్డు మందం సందు చాలును. ఈ ఇంజనులో పిస్టనుకు వేరే నూనె తొట్టి లేదు గనుక పెట్రోలులోనే నూనె కలుపవలె. 50కి 1 పాలు అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఎక్కువైతే పొగ, మరచితే ఇంజను పోయినట్లే.

ఇవన్నీ వానికి కరతలామలకం. ఎవరెవరో హిందీలో, ఇంగ్లీషులో చెబుతూ బిగించి చూపిన దృశ్యాలను ఫోనులో పదేపదే చూచి నేర్చుకొన్నాడు. మాట పట్టుబడకపోయినా చేతులను చూచినాడు. మొదటిసారే యంత్రం పలికినది. అయితే అంతా బిగించిన తరువాత పెట్టె అడుగున ఒక చిన్న స్ప్రింగు మిగిలినది. ముందు పిడి ఎదుట ఉండే అడ్డుపలక వదులుగా ఊగుతున్నది. పొట్టు, ముండ్లు చేతికి తగులకుండ పెట్టినది కాబోలునని దానిని కట్టుకమ్మితో గట్టిగా కట్టినాడు.

అది బ్రేకు. గొలుసు తిరిగే ఉక్కు బద్ద ముక్కు పైభాగం దేనికైనా తగిలితే, రంపమంతా రెప్పపాటులో కోసేవాని పైకి లేస్తుంది. అప్పుడు అడ్డుపలక చేతికి తగిలి ముందుకు పడవలె. పడగానే స్ప్రింగు విడివడి, ఉక్కుపట్టీ క్లచ్చి డ్రమ్మును బిగబట్టి గొలుసును నిలుపవలె. స్ప్రింగు లేదు. పలకను కమ్మి కట్టివేసినది. కంపలో బద్ద ముక్కు మరొక కొమ్మకు తగిలినది. ఎడమ ముంజేతికి పదకొండు కుట్లు. మెడకు తగులకపోవడం వాని తల్లి నోముల ఫలమనుకోవలె.

పద్యానికి ప్రతిపదార్థం గడగడ అప్పజెప్పి, తాత్పర్యం దగ్గర నీళ్లు నమిలే పిల్లలు మా తరగతులలో కొల్లలు. అక్కడ పోయేది రెండు మార్కులు. వీడు ప్రతి భాగాన్నీ దాని చోట పెట్టినాడు. ఒక్కదాని తాత్పర్యం చెప్పేవారు లేకపోయినారు. పెట్టెలో కాగితం లేకపోలేదు. ఒక ప్రక్క చైనా లిపి, రెండవ ప్రక్క చీమ తలకాయలంత ఇంగ్లీషు. తెలుగు లేదు.

అమ్మినవానిని నిందించడం సులభం. పది దేశాలకు సరకు పంపేవానికి మైదుకూరు ఎక్కడున్నదో తెలియదు. మనకు తెలుసును గదా! 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వెలువరించినది. రైతుల నోటి మాటను ఏర్చి కూర్చిన వ్యవసాయ పదాలవి. నాగలికి జరిగిన ఆ మర్యాద షెడ్డులోని స్పానరుకు జరిగేదెప్పుడు? పైగా మావంటివారు పూనుకొంటే మొదట చేసేది ఇంజనును అంతర్దహన యంత్రంగా మార్చడం. ఆ మాట విని ఏ మెకానిక్కూ తన చేయి కాపాడుకోలేడు. కార్బురేటరును కార్బురేటరనే వ్రాద్దాం. వ్రాయవలసినది దాని పేరు కాదు, దాని పని.

రంపం ఇంత చౌకైతే ఈ కరవు నేలలో చెట్టు బ్రతుకునా అని ఒక మిత్రుడు అడిగినాడు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఎర్రచందనానికి పుట్టినిల్లు మన శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ, నల్లమల కొండలే. 1995 నుంచి దాని విదేశ వ్యాపారం అంతర్జాతీయ ఒప్పందపు అదుపులో ఉన్నది. పట్టాభూమిలోనైనా చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం అనుమతి కోరుతుంది. కాని చందనపు దొంగ ఈ పెట్టె కోసం కాచుకొని లేడు. అతనికి గొడ్డలి ఉన్నది. ఏ చెట్టు మీద చేయి వేయరాదో కూడ ఆ తెలుగు కాగితం మీదనే మొదటి వాక్యంగా వ్రాయవచ్చును.

చివరకు మేమిద్దరం కూర్చుండి వ్రాసినాము. వాడు చెబుతాడు, నేను వ్రాస్తాను. రంపం పైకి లేచి మీదికి వచ్చే ఆ గుణానికి నేను "ప్రతిఘాతం" అని వ్రాసి, కొట్టివేసి, "అప్పుడేమయినదిరా?" అని అడిగినాను. "ఎగదన్నింది సార్" అన్నాడు. అదే వ్రాసినాను: బద్ద ముక్కు పైభాగం దేనికీ తగులనీయకుము, ఎగదన్నును. తగులనీయకుము అన్నచోట "తగలనీయొద్దు" అని దిద్దించినాడు. బ్రేకు దగ్గర మాత్రం నాకు మోజు కలిగి, "కళ్లెం అందామా? గొలుసును ఆపేదే గదా" అన్నాను. కుట్ల మచ్చ తడుముకొంటూ కొంతసేపు ఆలోచించి, "గుర్రాన్ని చూసినోళ్లు యాడుండారు సార్ ఇప్పుడు? బ్రేకు అనే రాయండి" అన్నాడు. అట్లే వ్రాసినాను. ఆ కాగితం ఇప్పుడు షెడ్డులో క్యాలెండరు ప్రక్కన అంటించి ఉన్నది. ఇద్దరు ముగ్గురు ఫోనులో ఫోటో తీసికొనిపోయినారట.