పలామూ, పాలమూరు

2022 వేసవి. నానక్‌రామ్‌గూడలో ఒక ఐటీ టవర్‌కు పదకొండో అంతస్తు శ్లాబు పోస్తున్నాం. షట్టరింగ్ బ్యాచ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఏ ఊరని అడిగితే "పలామూ, సాబ్" అన్నాడు. నాకు పాలమూరని వినబడింది. "మాదీ అదే, ఏ మండలం?" అన్నాను తెలుగులో. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. జార్ఖండ్‌లో పలామూ అనే జిల్లా ఉందని, అక్కడా కరువేనని, వాన మొహం చాటేసిన ఏడు ఊళ్లో ముసలివాళ్లే మిగులుతారని ఆ రాత్రి అతను చెబితే తెలిసింది.

ముసలివాళ్లే మిగలడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా నాన్న పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, అమ్మను వెంటబెట్టుకుని శ్రీశైలం డ్యామ్ పనికి పోయాడు. నన్ను మా అవ్వ సాకింది. గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు దూకుతుంటే చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారక్కడికి. నాన్న నీళ్ల వైపు చూడడు. తాము కంకర మోసిన దారి ఎటుండేదో వెతుక్కుంటాడు.

నేను సివిల్ డిప్లొమా చేసి 1999లో మాదాపూర్ వచ్చాను. అంతకు ముందు ఏడాది నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించి వెళ్లారు. దాని చుట్టూ ఇంకా గుండ్రాళ్లే. మొదటి రోజుల్లో సైట్లలో మా జిల్లావాళ్లు, శ్రీకాకుళంవాళ్లు ఎక్కువ. తర్వాత ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చారు. మనవాళ్ల పని లాక్కున్నారని కొందరు అంటుంటే వింటున్నాను. నేను చూసింది వేరు. మా ఊరి పిల్లలు నాలాగే చదువుకుని ఆ పని వదిలేశారు. ఉత్తర తెలంగాణ జిల్లాలవాళ్లు దుబాయ్ పోయారు. చదివినవాళ్లు డాలస్ పోయారు. అక్కడ మన పిల్లల్ని ఎవరైనా ఇదే మాటంటే మన కడుపు మండదా?

ఆ శ్లాబు సంగతి చెప్పాలి. కాంక్రీటు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడి బలం తగ్గుతుంది. తెల్లవారుజామున మూడింటికి, పైన పంపు నడుస్తుండగా, కింద సపోర్టు జాకీ ఒకటి జారుతోందని కనిపెట్టి కేకేసినవాడు ఆ పలామూ కుర్రాడే. తనే కిందికి దూరి బిగించాడు. ఇవాళ ఆ అంతస్తులో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ల కాళ్ల కింద ఉన్నది ఆ శ్లాబే.

మా మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, అతని పేరు "పలామూ చిన్నోడు". అలా రాసింది నేనే. పలకడానికి, రాయడానికి సులువని రాశాను.

ఆ రాత ఎంత చేటు చేసిందో కొన్ని నెలలకే తెలిసింది. కోకాపేటలో మరో సైటులో అతను పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటికి అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద సంక్షేమ బోర్డులో సభ్యుడు కావాలంటే, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. బోర్డుకు డబ్బు ఎవరి దానం మీదో రాదు. ప్రతి పెద్ద కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సుగా వెళుతుంది. అంటే అతను బిగించిన జాకీ మీద లేచిన బిల్డింగు సొమ్మే అది. ఆ 90 రోజులకు రుజువు కోసం నాకు ఫోన్ చేశాడు. అప్పటికే మేం సైటాఫీసు ఎత్తేశాం. రిజిస్టర్లు పాత కాగితాల కింద తూకానికి పోయాయి. ఉన్నా, అందులో ఉన్నది ఒక చిన్నోడు.

ఇది అతనొక్కడి సంగతే కాదు. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో బయల్దేరిన మొట్టమొదటి రైలు మన లింగంపల్లి నుంచే, 2020 మే 1న, జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అందులో దాదాపు 1,200 మంది. ఎక్కువమంది కందిలో ఐఐటీ భవనాలు కడుతున్నవాళ్లు. వాళ్లు వెళ్లాక సైట్లు ఎలా బావురుమన్నాయో నేను కళ్లారా చూశాను. కొద్ది వారాలకే విమానం టికెట్లు కొనిచ్చి కూలీలను వెనక్కి పిలిపించిన సంస్థలు ఈ నగరంలో ఉన్నాయి. వాళ్ల విలువ మనకు తెలియక కాదు. కాగితం మీద పెట్టం, అంతే.

నేను అడిగేది ఒక్కటే. ఫైర్ ఎన్‌ఓసీ లేకుండా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వనట్టే, కార్మికుల జాబితా లేకుండా కూడా ఇవ్వకూడదు. అసలు పేరు, ఊరు, చేసిన రోజులు ఉన్న జాబితా. ఒక ప్రతి సంక్షేమ బోర్డుకు పోవాలి. సైటు వదిలిపోయే ప్రతి మనిషి చేతికీ తన రోజుల లెక్క చీటీ అందాలి. ఇంకో ప్రతి ఆ బిల్డింగు లాబీలో, ప్రారంభించిన పెద్దమనిషి శిలాఫలకం పక్కన ఉంటే నాకు సంతోషం. ప్రపంచంలోని బ్యాంకులకు లెక్కలు రాసిపెట్టే ఈ ఐటీ కారిడార్‌లో ఇదేం కష్టమైన పని కాదు.

కాలు నయమై ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఇప్పుడు పొప్పాలగూడలో ఉన్నాడు. ప్రతి సాయంత్రం మస్టర్ పేజీ ఫోటో తీసి నా ఫోన్‌కు పంపుతున్నాడు. పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, అన్నీ పక్కనున్న మేస్త్రీ చేత రాయిస్తున్నాడు. నిన్నటి ఫోటోతో 63 రోజులు. ఇంకా 27 కావాలి.