మోగ్లీ పాట మళ్లీ పాడతారా?

తొంభైల మొదట్లో ఆదివారం ఉదయం ఎలా ఉండేదో గుర్తుందా? కుంకుడు రసం సిద్ధం, తలంటుకు రమ్మని ఓ పక్క అమ్మ కేకలు. 'బొమ్మ వచ్చిందా... ఇంకొంచెం తిప్పనా?' అంటూ డాబా మీద యాంటెన్నా దగ్గర్నుంచి అన్నయ్య అరుపులు. ఇంతలో టీవీలోంచి పిల్లల గొంతుతో ఓ హిందీ పాట మొదలయ్యేది. అంతే! తలంటు సంగతి తర్వాత. వీధిలోని పిల్లలంతా టీవీ ముందు హాజరు.

అదే 'జంగిల్ బుక్'. 1993లో దూరదర్శన్‌లో వచ్చిన ఈ కార్టూన్ సీరియల్ చూడ్డానికి హిందీ రావాల్సిన పనే ఉండేది కాదు. తోడేళ్ల మధ్య పెరిగిన మోగ్లీ, వాణ్ని వెనకేసుకొచ్చే నల్ల చిరుత భగీరా, పాఠాలు చెప్పే ఎలుగుబంటి బలూ, కాచుక్కూచునే పులి షేర్ ఖాన్... బొమ్మ చూస్తే కథ అర్థమయ్యేది. ఇక పాటంటారా! మాటలు సగం తప్పు, అర్థం అసలే తెలీదు. అయినా ఎర్ర నిక్కరు వేసుకుని మంచం మీంచి దూకుతూ పాడని పిల్లాడు లేడంటే అతిశయోక్తి కాదేమో.

ఎన్ని ఊళ్లు తిరిగొచ్చాడో!

ఈ మోగ్లీ ప్రయాణం వింటే పెద్దవాళ్లకూ ముచ్చటేస్తుంది. కథ రాసిన రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. అమెరికాలోని వెర్మాంట్‌లో కాపురం ఉన్నప్పుడు ఈ కథలు రాస్తే, 1894లో పుస్తకంగా వచ్చాయి. కథ జరిగేదేమో మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో. దాన్ని జపాన్‌లోని నిప్పాన్ యానిమేషన్ సంస్థ 1989లో కార్టూన్ సీరియల్‌గా మలిచింది. మొత్తం 52 భాగాలు. అదే హిందీ మాటలు నేర్చుకుని మనింటికొచ్చింది. అంటే, మన అడవిలో పుట్టిన పిల్లాడు లోకమంతా చుట్టి సొంతూరికి చేరాడన్నమాట!

జపాన్ సీరియల్‌కి వేరే పాట ఉండేది. మనవాళ్లు దాన్ని వాడుకోకుండా కొత్తగా రాయించారు. రాసింది గుల్జార్. బాణీ కట్టింది విశాల్ భరద్వాజ్. అప్పటికి విశాల్ కొత్తవాడే. 'మాచిస్' సినిమాతో పేరొచ్చింది 1996లో. పాటలో మోగ్లీ నిక్కరు ప్రస్తావన బాగాలేదని అభ్యంతరం వచ్చినా గుల్జార్ ఆ మాట మార్చలేదు. పిల్లలకు బాగా నచ్చిందీ ఆ మాటే మరి! షేర్ ఖాన్‌కు గొంతు అరువిచ్చింది నటుడు నానా పటేకర్.

వారానికి ఒక్కసారే

ఆ పాట అంతగా నాటుకుపోవడానికి దాని గొప్పతనం ఒక్కటే కారణం కాదు. అది వారానికోసారే వచ్చేది. మళ్లీ వినాలంటే ఏడు రోజులు ఆగాలి. ఆ ఏడు రోజులూ పిల్లలే పాడుకునేవారు. సోమవారం బడిలో అందరి నోటా అదే. పెద్దవాళ్లకు శుక్రవారం చిత్రలహరి కూడా అంతే. సినిమా పాట కళ్లారా చూడాలన్నా, అందులోని స్టెప్పులు పట్టుకోవాలన్నా అదే దారి. టీవీ ఉన్న ఒక్క ఇంట్లో వీధి వీధంతా చాపలేసుకుని కూర్చునేది.

అలాగని అన్నీ బంగారు రోజులేం కావు. మోగ్లీ ప్రమాదంలో పడ్డప్పుడే కరెంటు పోయేది. అదీ కాకపోతే 'రుకావట్' అంటూ తెర మీద బోర్డు. పైగా మన పిల్లలకు మన భాషలో కార్టూన్లు దొరకడం గగనం. ఆ లోటు తర్వాత తీరింది. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన 'ఛోటా భీమ్' 2008లో టీవీకెక్కి, దేశమంతటి పిల్లలకూ నేస్తమయ్యాడు. చక్కగా తెలుగులోనూ మాట్లాడాడు.

ఇప్పుడు కార్టూన్లకు కొదవ లేదు. కొదవల్లా కలిసి చూడ్డానికే! నాన్న ఫోన్లో వార్తలు, అమ్మ ఫోన్లో సీరియల్, బాబు ట్యాబ్‌లో బొమ్మలు... ముగ్గురి చెవుల్లోనూ మూడు ఇయర్ ఫోన్లు. పిల్లాడు ఏ పాటకు గంతులేస్తున్నాడో నాయనమ్మకు తెలీదు. ఆమె కూనిరాగం వాడికి ఎక్కదు. ఇంటిల్లిపాదికీ వచ్చిన పాట ఒక్కటైనా లేకపోతే, రేపు నలుగురూ కలిసినప్పుడు దేన్ని తలచుకుని నవ్వుకుంటారు?

మోగ్లీ మాత్రం ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. 2016లో 'జంగిల్ బుక్' సినిమా వచ్చినప్పుడు గుల్జార్, విశాల్ అదే పాటను మళ్లీ చేశారు. హిందీ షేర్ ఖాన్ గొంతు మళ్లీ నానా పటేకర్‌దే. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత సీరియల్‌నే మరోసారి వేసింది. నాటి పిల్లలు అప్పటికి అమ్మానాన్నలు!

పాత రోజుల్ని వెనక్కి తేలేం. కానీ వారానికో అరగంట ఫోన్లు పక్కన పెట్టి, పెద్ద తెర ముందు ఇంటిల్లిపాదీ కూర్చోవడం కష్టమేం కాదు. ఏం చూడాలో ఈ వారం అమ్మమ్మ చెబితే, పై వారం మనవరాలు చెబుతుంది. పాటొస్తే గొంతు కలపండి. మాటలు తప్పినా ఫర్వాలేదు. మోగ్లీ పాట సరిగ్గా పాడినవాళ్లెవరు కనుక!