పాత డిజిటల్ కెమేరాను అప్పుడే పారెయ్యకండి!

మీ ఇంట్లో బీరువా పైఅరలో, పెళ్ళి ఆల్బముల పక్కన, అరచేతిలో ఇమిడే వెండిరంగు కెమేరా ఒకటి పడివుందేమో చూడండి. మీరు పుట్టకముందో, పుట్టిన కొత్తలోనో నాన్నగారు ముచ్చటపడి కొన్నది అయివుంటుంది. ఫోనులోనే కెమేరా వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పాతసామాన్లవాళ్ళకు వేసేలోగా నాదొక మనవి. ఒక్క నెల రోజులు దాన్ని మీ దగ్గర ఉంచుకోండి.

కొన్నేళ్ళుగా చాలా దేశాల్లో కుర్రకారుకు ఇలాంటి కెమేరాల మీద మోజు పుట్టింది. ఒకప్పుడు ఎవరూ అడగని వాటికి ఇప్పుడు మంచి ధర పలుకుతోంది. ఫోను ఇంతకంటే చక్కని ఫోటో తీస్తుంటే ఈ డొక్కు కెమేరా ఎందుకని నవ్వేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. నేను మోజుపడేవాళ్ళ పక్షాన్నే మాట్లాడతాను. కాని వాళ్ళు చెప్పే కారణాలన్నీ నాకు నచ్చవు.

ముందు ఆ వింత ఆకారాల సంగతి చూద్దాం. ఫిల్ము కెమేరాకు ఒక కట్టడి ఉండేది. కటకానికి ఎదురుగా ఫిల్ము తిన్నగా పరుచుకోవాలి. దానికి ఒక పక్క కొత్త చుట్ట, మరో పక్క తీసిన చుట్ట ఉండాలి. అందుకే దశాబ్దాల తరబడి కెమేరాలు కొంచెం అటూ ఇటూగా ఒకే పోలికలో ఉండేవి. డిజిటల్ కెమేరాలో ఫిల్ముకు బదులు చిటికెనవేలి గోరంత సిలికాన్ బిళ్ళ ఉంటుంది. దాన్ని తక్కిన యంత్రంతో కలపడానికి సన్నని తీగలు చాలు. కనుక కటకాన్ని ఎక్కడైనా పెట్టవచ్చు, ఎటైనా తిప్పవచ్చు. మరి సరైన ఆకారం ఏది? అప్పటికి ఎవరికీ తెలియదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసి చూశారు.

1995లో జపానులో కాసియో వారు తెచ్చిన క్యూవి-10 కెమేరాకు కటకం ఒక చివర ఉండి గిర్రున తిరిగేది. వెనక చిన్న తెర ఉండేది. కటకాన్ని మీ వైపు తిప్పుకుని, తెరలో మీ మొహం చూసుకుంటూ ఫోటో తీసుకోవచ్చు. సెల్ఫీ అనే మాట జనం నోట్లో పడకముందు సంగతి ఇది! 1997లో సోనీ వారి మావికా ఇంకా విడ్డూరం. అందులో ఫోటోలు ఫ్లాపీ డిస్కు మీదికి ఎక్కేవి. ఇక్కడ చిన్న లెక్క చెయ్యండి. ఫోటో అడ్డంగా 640 చుక్కలు, నిలువుగా 480 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు మూడు రంగులు, రంగుకు ఒక బైటు. మొత్తం 9,21,600 బైట్లు. ఫ్లాపీలో పట్టేది 14 లక్షల చిల్లర. అంటే ఉన్నదున్నట్టు దాస్తే ఒక్క ఫోటోకే చోటు! అయినా ఆ ఫ్లాపీలో మంచి నాణ్యతతోనే పదిహేను, ఇరవై ఫోటోలు పట్టేవి. కంటికి అంతగా తెలియని వివరాలను వదిలేసి బొమ్మను కుదించే జేపెగ్ అనే పద్ధతి మహిమ అది. ఫ్లాపీ తిరుగుతున్నప్పుడు వచ్చే గరగర శబ్దం ఈ కుదింపు పనికి సంగీతం అనుకోవచ్చు. (ఆ ఫ్లాపీలకు బూజంటే మహా భయం. నా దగ్గరున్న ఒకదాన్ని ఏళ్ళ తరువాత తెరిస్తే ఒక్క ఫోటో కూడా దక్కలేదు.)

నాకు అన్నిటికంటె ఇష్టమైనది 1999లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ 950. ఇది నడుం దగ్గర మెలితిరుగుతుంది. ఒక సగంలో కటకం, మరో సగంలో తెర. కెమేరాను నేలకు ఆనించి పెట్టి, తెరను పైకి తిప్పుకుని చీమలబారును చూడవచ్చు. 2 సెంటీమీటర్ల దగ్గర ఉన్న వస్తువునూ స్పష్టంగా పట్టేది. దూరపు వస్తువును దగ్గరకు లాగేటప్పుడు కటకం బయటికి పొడుచుకురాదు, కదలికంతా లోపలే. కటకం చుట్టూ మర ఉంది. ఇంకేం, దాన్ని సూక్ష్మదర్శినికి, దూరదర్శినికి బిగించుకోవడం తేలికైపోయింది. పక్షులను పరిశీలించేవాళ్ళు దూరదర్శినికి తగిలించి కొంగలనూ గద్దలనూ ఫోటోలు తీశారు. తయారుచేసినవాళ్ళు ఎంతవరకు ఊహించారో గాని, వాడేవాళ్ళు దాన్ని ప్రయోగశాల పరికరంగా మార్చేశారు.

ఇక మోజుపడేవాళ్ళు తరచుగా చెప్పే కారణానికి వద్దాం. పాత కెమేరాల్లో సిసిడి అనే బిళ్ళ ఉంటుంది, ఇప్పటి ఫోనుల్లో సీమాస్ అనే బిళ్ళ ఉంటుంది, సిసిడి రంగులే వేరు, వాటి అందమే వేరు అంటారు. ఇది నిజమా?

సిసిడిని 1969లో అమెరికాలో బెల్ పరిశోధనశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 2009లో వారికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వెలుగు పడితే సిలికాన్‌లో ఎలక్ట్రానులు విడివడతాయి. గడిగడికీ ఎన్ని విడివడ్డాయో లెక్కపెడితే బొమ్మ తయారు. సిసిడిలో ఈ ఎలక్ట్రానులు ఒక గడి నుంచి పక్క గడికి చేతులు మారుతూ చివరకు చేరాక లెక్క జరుగుతుంది. ఊళ్ళో ఇల్లంటుకుంటే జనం బావి దాకా బారుతీరి నీళ్ళబిందెలు అందించుకుంటారే, అలాగన్నమాట. సీమాస్‌లో ఏ గడి దగ్గర ఆ గడికే చిన్న ట్రాన్సిస్టర్లుంటాయి. రెండింటిలోనూ వెలుగును పట్టేది సిలికానే. దానికి రంగులు తెలియవు! రంగు వచ్చేది గడుల మీద పరచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల వల్ల. తరువాత ఆ లెక్కలను బొమ్మగా మార్చే చిన్న కంప్యూటరు వల్ల. పాత ఫోటోల రంగు తేడాగా ఉన్న మాట నిజమే, కాని దాని ఘనతను సిసిడికి కట్టబెట్టడం సరికాదు. ఆ పేరు చెప్పి ఎవరైనా వేలకు వేలు అడిగితే ఇవ్వకండి.

మరి నేనెందుకు దాచమంటున్నాను? ఇప్పటి ఫోనులో మీరు ఒక్కసారి నొక్కితే అది చాలాసార్లు అనేక ఫోటోలు తీస్తుంది. వాటిని కలిపి, చీకటిని వెలిగించి, చెయ్యి వణుకును సరిదిద్ది, ఒక్కోసారి చర్మం మీది మచ్చలను కూడా నునుపు చేసి ఇస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కాని అందులో మీరు చేసిందెంత, ఫోను చేసిందెంత? చెప్పలేరు. పాత కెమేరా కూడా బొమ్మను కొంత దిద్దుతుంది. అయితే చెయ్యి వణికితే బొమ్మ చెదురుతుంది. వెలుగు చాలకపోతే ఇసుక చల్లినట్టు రవ్వలు కనిపిస్తాయి. తప్పు ఎక్కడ జరిగిందో మీ కళ్ళెదుటే ఉంటుంది, రేపు దిద్దుకోవచ్చు. లెక్కల మాస్టారు జవాబు మాత్రం చెప్పి వెళ్ళిపోతే మనకు లెక్క వచ్చినట్టా?

టి.వి. రిమోట్‌ను కెమేరాకు ఎదురుగా పట్టి బొత్తాం నొక్కి, తెరలో చూడండి. కన్నుకు కనబడని పరారుణ కిరణాలు ఊదారంగు చుక్కగా మెరవవచ్చు. రాత్రిపూట వీధిదీపం వైపు తిప్పితే, చాలా సిసిడి కెమేరాల తెరమీద దీపం నుంచి నిలువుగా ఒక తెల్లని చార కనిపిస్తుంది. ఎలక్ట్రానులు పొంగి, నీళ్ళబిందెల వరుసలో ఒలికిపోవడమే అది! తిరుగుతున్న ఫ్యానును ఫోనుతో వీడియో తీస్తే రెక్కలు వంగినట్టు రావచ్చు. పాత కెమేరాతో కూడా తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మను ఒక్కొక్క వరుసగా చదవడానికీ, అంతా ఒకేసారి పట్టడానికీ తేడా తెలుస్తుంది.

కష్టాలు లేవనను. కొన్ని పాత కెమేరాలకు కావలసిన కార్డులు ఇప్పుడు తయారుకావడం లేదు. బ్యాటరీ ఉబ్బివుంటే దాన్ని ఛార్జి చెయ్యకండి. లోపలేముందోనని మరలు మాత్రం విప్పవద్దు. ఫ్లాషు కోసం ఉండే కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలవ ఉండి, బ్యాటరీ తీసేసినా గట్టి షాకు కొడుతుంది.

ఆన్ చేయగానే కెమేరా తేదీ అడుగుతుంది. లోపలి చిన్న బ్యాటరీ ఏనాడో ఖాళీ అయివుంటుంది కదా! తేదీ సరిచేయండి. కొత్త ఫోటో తీసే ముందు కార్డులో ఏమున్నదో చూసి, అన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించుకోండి. నాన్నగారు దాన్ని కొన్ననాడు తీసిన మొదటి ఫోటో ఇంకా అందులోనే ఉండవచ్చు.