సలహా చెప్పే ఉద్యోగం

“ఇంజనీరింగు ముగించిన మా అమ్మాయి మేనేజిమెంటు కన్సల్టింగులో చేరతానంటున్నది. మావారికి బట్టలకొట్టు వుంది. ముప్ఫయ్యేళ్లుగా వ్యాపారం చేస్తున్నవాడికి నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల సలహా చెప్పడమేమిటని ఆయన కోప్పడుతున్నారు. మీరేమంటారు?” అని ఒక సోదరి రాశారు.

మీవారి ప్రశ్న న్యాయమైనదే. కాని చేరీ చేరగానే మీ అమ్మాయిని సలహా చెప్పమనేవారెవరూ వుండరు. మొదటి ఒకటి రెండేళ్లూ ఆమె పని లెక్కలు పోగుచెయ్యడం, పదిమందినీ అడిగి తెలుసుకోవడం, పైవారు చెప్పబోయే మాటకు ఆధారాలు వెతికిపెట్టడం.

ఇంటర్వ్యూలోనే ఆ సంగతి తెలిసిపోతుంది. “ఒక కాఫీహోటలుకు లాభం తగ్గింది, ఎందుకు?” అని అడుగుతారు. “కాఫీ బాగుండడం లేదేమో!” అన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. వచ్చేవాళ్లు తగ్గారా? వచ్చినవాళ్లు తక్కువ తింటున్నారా? అమ్మకం అలాగే వుండి పాలు, అద్దె, జీతాల ఖర్చు పెరిగిందా? ఇలా పాయలు పాయలుగా విడదీసి చూడాలి. నెలాఖరుకు డబ్బు ఎందుకు చాలలేదో పాలపద్దూ, కిరాణాపద్దూ వేరువేరుగా చూసుకునే ఇల్లాలు చేసేది యిదే. (ఆమెకు ఫీజు ఎవరూ యివ్వరు, అది వేరే సంగతి.)

అంకెలు రావడంతోనే సరిపోదు. చికాగో విశ్వవిద్యాలయంలో అకౌంటింగు బోధించిన జేమ్స్ మెకిన్సీ 1926లో తన పేరుతో సంస్థ పెట్టి యీ వృత్తికి పేరు తెచ్చారు. మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద వర్తక సంస్థ ఆయనచేత తన వ్యవహారాలు పరిశీలింపజేసుకుని, 1935లో పెత్తనం ఆయనకే అప్పగించింది. ఆయన నష్టాల్లో వున్న టోకు వ్యాపారాన్ని మూసివేయించారు. ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కాగితం మీద గీసిన గీత మనిషి జీతాన్ని తాకినప్పుడు ఎలా వుంటుందో ఆయన స్వయంగా చూడవలసి వచ్చింది. 1937లో న్యుమోనియాతో పోయేనాటికి ఆయనకు 48 ఏళ్లే.

అందుచేత ఉద్యోగంలో చేరేలోగా మీ అమ్మాయిని నెలరోజులు కొట్లో కూర్చోనివ్వండి. ఏ రకం చీరలు ఎందుకు నిలవ పడ్డాయో చిట్టాకన్న గుమాస్తాకే బాగా తెలిసి వుంటుంది. అతనిచేత ఆ మాట చెప్పించగలిగితే ఆమెకు యీ పని చేతనైనట్లే. చెప్పినదానికి అతని ఉద్యోగమే పోయే పరిస్థితి వస్తే ఏం చేస్తుందో కూడా అప్పుడే ఆలోచించుకుంటుంది.

ఇంజనీరింగు చదివినవారిని నేరుగా తీసుకునే సంస్థలున్నాయి. కాకపోతే ముందు అహమ్మదాబాదు, కలకత్తాలలో 1961లో వెలసినటువంటి మేనేజిమెంటు విద్యాలయాలున్నాయి. మన హైదరాబాదులో 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కూడా అధికారులకు శిక్షణ యివ్వడంతోపాటు సలహాపనీ చేస్తుంది.

ఆడపిల్ల ఊళ్లు తిరగడం గురించి మీరు అడగలేదు గాని, అడగవలసిందే. మగపిల్లవాడి విషయంలోనూ అడగాలి. పని యిచ్చిన కంపెనీ ఏ ఊళ్లో వుంటే వారాలతరబడి అక్కడే మకాం. రెండు మూడేళ్లలో పైమెట్టు ఎక్కనివారిని వేరే ఉద్యోగం చూసుకోమనే ఆచారం పెద్ద సంస్థల్లో వుంది. నెలకు ఎన్ని రోజులు ఇంట్లో వుండవచ్చునో, యిదివరకు చేరినవాళ్లు ఎన్నేళ్లున్నారో, వదిలాక ఏ పనుల్లో చేరారో సంతకం పెట్టకముందే అక్కడ పనిచేసేవారిని అడిగి తెలుసుకొమ్మనండి.