బెంగళూరు బండెక్కుతున్నారా? పది నెలల అడ్వాన్సు కట్టకండి!

కొత్త ఉద్యోగులారా! వాళ్ళని సాగనంపడానికి స్టేషను దాకా వచ్చిన అమ్మానాన్నలారా!

ఆఫర్ లెటర్ వచ్చింది. స్వీట్లు పంచారు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లోనో, కాచిగూడ నుంచి యశ్వంతపూర్ బండిలోనో బెర్తు కూడా దొరికింది. ఇంట్లో అందరి మనసులోనూ ఉండి ఎవరూ పైకి అనని మాట ఒకటుంది. అక్కడ ఇంటికి అడ్వాన్సు ఎక్కణ్ణుంచి తేవాలి?

బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే పది నెలల అద్దె ముందే చేతిలో పెట్టాలన్నది ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆచారం. ఈమధ్య ఐదారు నెలలకు దిగినవాళ్ళున్నారు, అదీ గట్టిగా బేరమాడితేనే. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ముగ్గురు స్నేహితులు కలిసి నెలకు 25,000 అద్దెకు రెండు పడకగదుల ఇల్లు తీసుకున్నారనుకుందాం. అడ్వాన్సు రెండున్నర లక్షలు. బ్రోకరుకు ఒక నెల అద్దె. మొదటి నెల అద్దె. మొత్తం మూడు లక్షలు. తలా లక్ష. అప్పటికి ఒక్కరి ఖాతాలోనూ మొదటి జీతం పడి ఉండదు.

ఆ లక్ష ఎక్కణ్ణుంచి వస్తుందో మనందరికీ తెలుసు. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. లేదా అమ్మ మెడలోది బ్యాంకుకు వెళ్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000. అద్దెలో మీ వాటా 8,333 అని అగ్రిమెంటులో ఉంటుంది. నెల నెలా మీ కుటుంబం జేబులోంచి పోయేది మాత్రం 10,333. ఆ పై రెండు వేలకు రసీదు ఉండదు. ఖాళీ చేసే రోజున పెయింటింగ్ పేరు చెప్పి ఇంకో నెల అద్దె కోసుకుంటారు. మీరు గోడకు మేకు కొట్టినా కొట్టకపోయినా కోతలో తేడా ఉండదు.

ఇందులో అప్పిచ్చినవాళ్ళు ఎవరు? మీరే! లక్షలకు లక్షలు వడ్డీ లేకుండా ఇంకొకరి చేతిలో పెడుతున్నది మీరు. అయినా ఓనరు ముందు చేతులు కట్టుకుని, "ఏం చేస్తుంటారు, ఎంతమంది ఉంటారు, చుట్టాలొస్తారా, నాన్‌వెజ్ వండుతారా" అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేదీ మీరే. ఊళ్ళో పదివేలు చేబదులిస్తే ప్రాంసరీ నోటు రాయించుకునే నాన్నలు కూడా ఇక్కడ రెండున్నర లక్షలు ఫోన్‌పేలో పంపేసి, "అందింది" అన్న మెసేజీతో సరిపెట్టుకుంటున్నారు. ఈ అలవాటు మారాలి.

చట్టం ఏమంటోంది?

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. కాపురానికిచ్చే ఇంటికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని అందులో ఉంది. అద్దె ఒప్పందం రాతపూర్వకంగానే ఉండాలని, ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని, తగాదా వచ్చినా నీళ్ళు, కరెంటు ఆపకూడదని కూడా ఉంది. అన్నీ మంచి మాటలే. కానీ అద్దెల వ్యవహారం రాష్ట్రాల చేతిలోది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఆ నమూనా నమూనాగానే ఉండిపోతుంది.

తమిళనాడు తన 2017 చట్టంలో మూడు నెలల అద్దె అన్న మాట రాసింది. చెన్నైలో అంతకు మించి అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ, అద్దెకొచ్చినవాడికి చూపించడానికి ఒక కాగితమైనా ఉంది. బెంగళూరు సంగతి చూడండి. అక్కడి 1999 అద్దె చట్టం, నగరంలో నెలకు 3,500 దాటిన ఇళ్ళ జోలికే వెళ్ళదు. ఇవాళ ఆ డబ్బుకు మారతహళ్ళిలో బాత్రూమ్ ఉన్న గది ఎవరిస్తారు? అంటే కొత్తగా ఉద్యోగానికి వెళ్ళిన కుర్రాడికి ఆ చట్టం దాదాపు లేనట్టే. మనవాళ్ళను వెనకేసుకు రానక్కర్లేదు, హైదరాబాదు ఇప్పటికీ 1960 నాటి చట్టంతోనే నెట్టుకొస్తోంది.

ఇది కన్నడిగుల మీద ఫిర్యాదు కాదు. రాయచూరు నుంచి, కలబురగి నుంచి బెంగళూరు వచ్చిన పిల్లలు కూడా ఇదే అడ్వాన్సు కడుతున్నారు, ఇదే వడ్డీ మోస్తున్నారు. పైగా అక్కడి ఓనర్లలో తెలుగువాళ్ళు కూడా తక్కువేం లేరు. వెళ్ళే ఊరి భాష నాలుగు ముక్కలు నేర్చుకుని వెళ్ళండి. బేరంలో అది పనికొచ్చినంతగా ఇంగ్లిషు పనికిరాదు.

మరి ఏం చేయాలి?

ముందు, ఊళ్ళో కూర్చుని ఇల్లు మాట్లాడుకోకండి. ఫోటోలు చూసి "టోకెన్ అడ్వాన్సు" పంపమంటే పంపకండి. నేను సైన్యంలో ఉన్నాను, బదిలీ అయింది, గేటు పాసుకు కొంచెం డబ్బు వేయండి, తిరిగి వచ్చేస్తుంది అంటూ క్యూఆర్ కోడ్ పంపేవాడు మోసగాడు. డబ్బు రావడానికి ఎవరూ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. పొరపాటున పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ గంటలోనే 1930కి ఫోను చేయండి.

మొదటి నెల పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉండండి. మారతహళ్ళిలో, బీటీఎం లేఅవుట్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో "ఆంధ్రా పీజీ" బోర్డుకు కొదవ లేదు. పప్పు నీళ్ళగా ఉంటుంది, గోంగూర పచ్చడి మాత్రం వారానికోసారైనా పడుతుంది. ఆ బోర్డు చూసి అంతా మనవాళ్ళేనని నమ్మి డబ్బిచ్చెయ్యకండి. బెంగళూరు నగరపాలక సంస్థ 2024లో పీజీలకు నిబంధనలు పెట్టింది. మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్ళు, సీసీ కెమెరాలు, వంటకు ఆహార భద్రతా లైసెన్సు ఉండాలి. మంచానికీ మంచానికీ మధ్య మోకాలు పట్టని గది చూపించినప్పుడు ఆ 70 అడుగుల మాట ఎత్తండి. వెళ్ళేటప్పుడు "మెయింటెనెన్స్" కింద ఎంత పట్టుకుంటారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో చేరే రోజే రాయించుకోండి. నెలకు 20,000 లోపు అద్దెతో, కనీసం 90 రోజులు ఉండేవాళ్ళ హాస్టల్ అద్దె మీద జీఎస్టీ లేదు. బిల్లులో అది కనిపిస్తే అడగండి.

ఉద్యోగానికి వెళ్ళే ఆడపిల్లలకు సఖీ నివాస్ పేరుతో కేంద్రం నడిపే పథకం ఉంది, పాత పేరు వర్కింగ్ విమెన్స్ హాస్టల్. జీతంలో ఇంత శాతానికి మించి అద్దె తీసుకోకూడదన్న నియమంతో వచ్చిన పథకమది. ఒక్కరుండే గదికి 15 శాతం, ఇద్దరుండే గదికి 10 శాతం. సీట్లు తక్కువ కాబట్టి ఆఫర్ లెటర్ వచ్చిన రోజే అప్లికేషను పెట్టాలి. ఈ సంగతి తెలియక ఎంతమంది తల్లిదండ్రులు పిల్లని ఉద్యోగానికే పంపకుండా ఆపేశారో!

పీజీలో గడిపే ఆ మొదటి నెలలో, ఆఫీసులో మీతోపాటు చేరినవాళ్ళతో జట్టు కట్టండి. ముగ్గురు కలిసి బేరమాడితే ఓనరు వినే తీరే వేరు. ఆఫీసు గేటు ఎదురుగానే ఇల్లుండాలన్న పట్టుదల వద్దు. మెట్రో దారి వెంట వెతకండి. వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగమైతే పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి కాడుగోడి దాకా పూర్తిగా నడుస్తోంది కాబట్టి కె.ఆర్.పురం పరిసరాలు చూడండి. ఎలక్ట్రానిక్ సిటీ అయితే 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైను బొమ్మసంద్ర దాకా వెళ్తుంది, హెబ్బగోడి వైపు కూడా చూడండి. స్టేషను నుంచి నడిచి వెళ్ళగల ఇల్లు, ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చోబెట్టే "దగ్గరి" ఇంటికన్నా నయం.

ఇల్లు చూడ్డానికి పగలూ వెళ్ళండి, సాయంత్రమూ వెళ్ళండి. కుళాయి తిప్పి చూడకుండా మాట ఇవ్వకండి. 2024 మార్చిలో నగరం తూర్పు పేటల్లో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం పడిగాపులు పడ్డ ఇళ్ళెన్నో. కావేరి నీళ్ళా, బోరా, ట్యాంకరా? ట్యాంకరైతే డబ్బు అద్దెలోనే ఉందా, విడిగా కట్టాలా? వేసవిలో ఎలా ఉంటుందో ఓనరుని కాదు, కింద ఇస్త్రీ బండి అతన్ని అడగండి. కరెంటు మీటరు విడిగా ఉందో లేదో చూసుకోండి. కర్ణాటకలో ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకానికి అద్దెకుండేవాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక అగ్రిమెంటు. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. పదకొండు నెలలైనా ఫర్వాలేదు. అడ్వాన్సు అంకె, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్‌కి ఎంత మించకూడదు, మధ్యలో ఉద్యోగం పోతే లాకిన్ (ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదన్న షరతు) వర్తించదు అన్న నాలుగు మాటలు మాత్రం అందులో ఉండి తీరాలి. ఆ నాలుగో మాట తేలిగ్గా తీసుకోకండి. జాయినింగ్ తేదీలు నెలల తరబడి వాయిదా పడ్డ బ్యాచిలు మనం చూశాం. డబ్బు నగదుగా ఇవ్వకండి, ఓనరు పేరున్న బ్యాంకు ఖాతాకే వేయండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఆ పేరు మీదే ఉన్నాయా చూడండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, తలుపులు వీడియో తీసి ఓనరుకు పంపండి. "లీజు" అంటూ పది పదిహేను లక్షలు ఒకేసారి కట్టేస్తే నెల అద్దె ఉండదన్న బేరం వస్తే, అసలు యజమాని ఎదురుగా కూర్చుని సంతకం పెడితే తప్ప దగ్గరికి పోవద్దు. మధ్యవాడు ఇంటిని అద్దెకు తీసుకుని, దాన్నే ఇంకొకరికి లీజుకిచ్చి పరారైన కేసులు ఆ నగరంలో మామూలయ్యాయి.

కంపెనీలకు, పీజీ యజమానులకు, మన ఊరి ఓనర్లకు

కంపెనీల వాళ్ళకు ఒక మాట. ఆంధ్ర, తెలంగాణ కాలేజీలకు బస్సులేసుకుని వచ్చి మా పిల్లల్ని ఏరుకుంటారు. రెండు వారాలు గెస్ట్‌హౌసు, అడ్వాన్సు కోసం వడ్డీ లేని అప్పు, దాన్ని పది నెలల జీతంలో కోసుకునే వీలు. ఇంతకన్నా ఏం అడుగుతున్నాం? పిల్లలారా, ఇది మీరు అడగాల్సింది ఆఫర్ మీద సంతకం పెట్టకముందు. చేరాక ఏ హెచ్ఆరూ వినదు.

తెలుగు పీజీ యజమానులారా! కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర అడ్వాన్సు మొదటి జీతం పడ్డాకే తీసుకోండి. మీరు కూడా ఒకనాడు ట్రంకు పెట్టెతో దిగినవాళ్ళే.

ఇక మన సంగతి. విజయవాడలో, హైదరాబాదులో, విశాఖలో టూలెట్ బోర్డు పెట్టిన మనం ఇంటికొచ్చినవాళ్ళని మొదట అడిగేదేమిటి? "మీరేమిట్లు?" కులం నచ్చకపోతే ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేశామంటాం. ముస్లిం పేరు వింటే తాళంచెవి కనిపించదు. పెళ్ళికాని కుర్రాళ్ళకు ఇవ్వం, ఒంటరి ఆడదానికి అసలే ఇవ్వం. మన పిల్లవాడికి బెంగళూరులో గది దొరకలేదని వాపోయే హక్కు మనకు కావాలంటే, ముందు మన గుమ్మం దగ్గర ఈ ప్రశ్నలు ఆగాలి.

2011 జనగణన నాటికే దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్ళు ఖాళీగా తాళాలేసి ఉన్నాయి. ఇళ్ళు లేకపోలేదు. అవి అద్దెకు రావాలంటే ఓనరుకు భయం లేకుండా, అద్దెకొచ్చేవాడికి దోపిడీ లేకుండా రెండు పక్షాలకూ వర్తించే చట్టం ఉండాలి. అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు, తిరిగివ్వడానికి గడువు ఉండాలి, తగాదా తేల్చడానికి కోర్టుల చుట్టూ తిప్పని అధికారి ఉండాలి. కర్ణాటకలోనూ, తెలంగాణలోనూ అడగాల్సింది ఇదే.

ఈ నెల నుంచి ఇల్లు వెతుక్కునే ప్రతి ఒక్కరూ ఓనరుతో మొదటి మాటగా "రెండు నెలలు" అనండి. ఒక్కరంటే నవ్వి తలుపేస్తారు. పదిమంది వరసగా అదే మాట అని వెళ్ళిపోతే, ఖాళీగా ఉన్న ఇల్లు ఆ ఓనరుకూ నష్టమే. మీ ఆఫీసులో, మీ పీజీలో అడ్వాన్సు తిరిగిరాని వాళ్ళెవరున్నారో కనుక్కుని ఒక్కచోట చేర్చండి. కలిసి వెళ్ళి అడగండి. కన్నడం వచ్చినవాళ్ళని ముందు నడవమనండి.

చదివాక ఈ కాగితాన్ని పల్లీల పొట్లానికి వాడకుండా, పక్క బెర్తులో బెంగళూరు వెళ్తున్నవాళ్ళకు ఇవ్వండి.

ఇట్లు,
బెంగళూరులో అద్దెకుంటున్న తెలుగు ఉద్యోగులు