ఉద్యోగం వరం కాదు, అధికారి దేవుడు కాదు

మార్చి ఎనిమిది, మహిళా దినోత్సవం వచ్చిందంటే అండమాన్‌లోని మా పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుల్లో శాలువాలు, పూలగుత్తులు బయటికొస్తాయి. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారినా మా నోట ఇంకా పాత పేరే పలుకుతుంది. అలాంటి ఒక సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకున్నారు. మన సంస్కృతిలో స్త్రీ దేవత అన్నారు. దేవతగా కొలిచే దేశానికి లైంగిక వేధింపుల చట్టాలూ కమిటీలూ దేనికన్నారు. ఆఫీసంటే కుటుంబమనీ, పై అధికారిని తండ్రిలా చూసుకుంటే ఏ గొడవా రాదనీ ముగించారు. మనువు శ్లోకం కూడా చదివారు. ముందు వరుసల్లో చప్పట్లు మోగాయి. వెనక కుర్చీలు సర్దుతున్న దినకూలీ ఆడవాళ్లను మాత్రం ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. వాళ్లు దేవతల లెక్కలోకి రాలేదు.

నాకు ఆ మాటలు మింగుడు పడలేదు. ఈ దీవుల్లో ఏం జరిగిందో ఆ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

2022 అక్టోబరులో 21 ఏళ్ల యువతి ఫిర్యాదు మీద ఇక్కడ కేసు నమోదైంది. ప్రభుత్వోద్యోగం ఇప్పిస్తామని ఆశ చూపి, అప్పట్లో ప్రధాన కార్యదర్శిగా ఉన్న అధికారి ఇంటికి తీసుకెళ్లారనీ, అక్కడ తనపై సామూహిక అత్యాచారం జరిగిందనీ ఆమె ఆరోపణ. నిందితుల్లో కార్మిక కమిషనర్ కూడా ఉన్నారు. అప్పటికే ఢిల్లీకి బదిలీ అయిన ఆ ఉన్నతాధికారిని కేంద్ర హోంశాఖ సస్పెండ్ చేసింది. నవంబరులో అరెస్టు జరిగింది. 2023 ఫిబ్రవరిలో ప్రత్యేక దర్యాప్తు బృందం తొమ్మిది వందల పైచిలుకు పేజీల అభియోగపత్రం వేసింది, అదే నెలలో హైకోర్టు ఆయనకు బెయిలిచ్చింది. ఆయన ఆరోపణలను ఖండించారు. నేరం తేల్చాల్సింది న్యాయస్థానం. నేను మాట్లాడుతున్నది ఊరి గురించి. ఆ వార్త వచ్చిన రోజుల్లో టీ కొట్ల దగ్గర, జెట్టీల మీద, ఆఫీసు కారిడార్లలో నాకు మళ్లీ మళ్లీ వినిపించిన ప్రశ్న ఒక్కటే: "ఆ పిల్ల అక్కడికెందుకు వెళ్లింది?" అంత పెద్ద కుర్చీ మీద ఇంత పెద్ద ఆరోపణ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న అదేనా? ఒక ఉద్యోగం కోసం ఆడపిల్ల ఎవరి గడపైనా ఎందుకు తొక్కాల్సి వస్తోందని అడిగినవాళ్లు చాలా తక్కువ.

ఇక్కడ ఉద్యోగమంటే వరం. జీతం తీసుకుని పని చేసే ఒప్పందమని ఎవరూ అనుకోరు. ఎవరో దయతలచి ఇస్తే వచ్చేదని, రాసిపెట్టి ఉంటే దక్కేదని అనుకుంటారు. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం ఇది. ఉన్నది ఒక్క లోక్‌సభ సభ్యుడు. కేంద్రం పంపే లెఫ్టినెంట్ గవర్నరు, అధికారులదే పాలన. పెద్ద పరిశ్రమలు లేవు, దీవుల్లో అందరికంటే పెద్ద యజమాని ప్రభుత్వమే. ఇన్నేసి అధికారాలు ఒక్కచోట పోగైనప్పుడు మనిషికి తన హక్కు గుర్తుండడం కష్టం. అందుకే బల్ల ఎదుట నిలబడి చేతులు జోడిస్తాం. బదిలీ ఆగితే మొక్కు తీరుస్తాం. పర్మనెంటు అయితే సత్యనారాయణ వ్రతం చేయించి, ప్రసాదం ముందుగా సాహెబు ఇంటికి పంపిస్తాం. కానివాడు తలరాతను తిట్టుకుంటాడు.

తలరాత ఎలా పని చేస్తుందో ఇక్కడి దినకూలీ మజ్దూర్లను అడగండి. డీఆర్ఎం (డైలీ రేటెడ్ మజ్దూర్) అంటే ఈ దీవుల్లో తెలియనివారు లేరు. ఏళ్ల తరబడి పక్కనున్న పర్మనెంటు మనిషి చేసే పనే చేసి, సరైన వేతనం కోసం, కరువు భత్యం కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. ఆదేశం వచ్చింది, అమలు కాలేదు. 2023 ఆగస్టు 3న కలకత్తా హైకోర్టు పోర్ట్ బ్లెయిర్ సర్క్యూట్ బెంచి కోర్టు ధిక్కారం కింద ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేయమంది, లెఫ్టినెంట్ గవర్నరు సొంత డబ్బుతో ఐదు లక్షలు కట్టాలంది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. కోర్టులు కోపగించుకునేదాకా వచ్చిన ఈ వ్యవహారంలో నుదుటి రాత ఎక్కడుంది? ఒక ఫైలు ఉంది, సంతకం పెట్టని ఒక చెయ్యి ఉంది. ఆ చేతిని చూడనివ్వకుండా మన చూపును పైకి, దేవుడి వైపుకు తిప్పేదే కర్మ సిద్ధాంతం. జీతం తక్కువిచ్చినవాడికి ఇంతకంటే మంచి కాపలాదారు దొరకడు.

ఆడవాళ్ల సంగతికొస్తే ఈ దేవతారాధన ఎంత క్రూరమైనదో నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన వేలాది కుటుంబాల్లో మాదీ ఒకటి. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు 13 శాతం. జంగ్లీఘాట్ వైపు వెళితే మన యాస, మన గంగమ్మ, మన ఎండుచేపల వాసన. మా పెద్దమ్మ అక్కడే బతుకంతా చేపలతో గడిపింది. పెద్దనాన్న పోయాక తెల్లవారుజామున బోట్లు నీళ్లలోకి దిగే వేళకు ఆమె గట్టు మీద కనిపించకూడదు. విధవ ఎదురొస్తే వల ఖాళీగా వస్తుందట. ఆమె తడికె వెనక కూర్చుని, ఇంజన్ల మోత దూరమయ్యాక బయటికొచ్చేది. మధ్యాహ్నానికి బోట్లు తిరిగొస్తే మాత్రం అందరికీ ఆమె కావాలి. చేప కోసేది ఆమె, పొట్ట తీసి ఉప్పు పట్టించేది ఆమె, ఎండలో తిరగేసేది ఆమె, బుట్ట నెత్తినెత్తుకుని అబర్డీన్ బజారుదాకా మోసేది ఆమె. వల తాకితే మైల అన్న చేతులే ఆ వల తెచ్చిన చేపను డబ్బుగా మార్చాలి. ముట్టయిన ఆడది బోటెక్కితే అరిష్టమనేవారు. అదే ఆడదాని పుస్తె కుదువపెట్టి ఆ బోటుకు ఇంజను బిగించేవారు.

ఒకసారి వరసగా వేట పడలేదు. ఒక బోటు యజమాని, ఆమె ఆరేసిన వల దాటిందని నింద వేసి పనికి రావద్దన్నాడు. ఆ రోజుల్లో ఇంట్లో గంజి కూడా చాలేది కాదు. నేను చిన్నవాణ్ణి, ఆమె మాటొక్కటి ఇప్పటికీ చెవిలో ఉంది: "గంగమ్మా ఆడదే కదరా నానా, నన్ను సూస్తే ఆవిడకేటి రోగం?" చదువులేని మనిషి అడిగిన ఆ ప్రశ్నకు మా పేట పెద్దలెవరూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? చేప పడడం, పడకపోవడం గాలిని బట్టి, ప్రవాహాన్ని బట్టి, గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి, ఎన్ని బోట్లు ఎంత సన్న కన్ను వలతో ఆ నీళ్లను ఊడ్చేశాయన్నదాన్ని బట్టి ఉంటుంది. గట్టు మీద నిలబడ్డ మనిషికి మొగుడున్నాడో లేడో సముద్రానికి తెలియదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి ఈ దీవుల్లో వేల మందిని మింగినప్పుడు కూడా ఎవరి పాపమో అని వెతికినవాళ్లున్నారు. సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూమి పలకలు కదిలాయి. నికోబార్‌లో కొట్టుకుపోయిన పసిపిల్లలు ఏ పాపం చేశారు?

ఇది చదువులేని చేపలవాళ్ల సంగతి కదా, ఆఫీసుల్లో ఎక్కడుందంటారా? సెప్టెంబరు 17న ఏదైనా వర్క్‌షాపుకు వెళ్లి చూడండి. విశ్వకర్మ పూజ. యంత్రానికి దండ, బొట్టు, కొబ్బరికాయ. నేను పనిచేసిన ఒకచోట అందరి దగ్గరా చందా వసూలు చేసేవారు, నికోబారీ క్రైస్తవుడి దగ్గర, మాప్పిళ్ల ముస్లిం దగ్గర కూడా. ఇవ్వనంటే నలుగురిలో వేరుపడిపోతామని ఇచ్చేవారు. ఆ రోజు కొందరు ఆడవాళ్లు సెలవు పెట్టేవారు, కారణం అడగనక్కర్లేదు. దండ వేసిన ఆ యంత్రానికి బెల్టు మీద ఉండాల్సిన ఇనుప కప్పు లేదు. ఆడవాళ్ల మరుగుదొడ్డిలో నీళ్లు రావు. పూజకు పోగైన డబ్బుతో ఆ రెండూ బాగుచేయవచ్చని ఒకామె అన్నందుకు, ఆమెకు భక్తి లేదనీ, ఇంట్లో గొడవలున్నాయనీ ప్రచారం చేశారు. ఏడాది తిరక్కుండా ఆమెను వేరే దీవికి బదిలీ చేశారు. ఓడ ప్రయాణం, చదువుకునే పిల్లలు. ఎవరూ ఆమెను తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. కుటుంబం లాంటి ఆఫీసు కదా, నిశ్శబ్దంగా వెలివేసింది.

నోరెత్తిన మనిషిని నమ్మకం పేరు చెప్పి ఉద్యోగం నుంచి వెళ్లగొట్టడం మన దగ్గర కొత్త కాదు. 1933లో కాకినాడ పీఆర్ కాలేజీ గోరాగారిని నాస్తికుడన్న కారణంతో కొలువు నుంచి తీసేసింది. వృక్షశాస్త్రం చెప్పే మనిషి దేవుణ్ణి నమ్మకపోతే మొక్కలకేమైనా నష్టమా?

పని చోట ఆడదాని గౌరవం గురించి ఈ దేశంలో ఒక చట్టం రావడానికి దారి తీసిన కథ అందరూ తెలుసుకోవాలి. భన్వరీ దేవి రాజస్థాన్‌లో మహిళాభివృద్ధి పథకం కింద పనిచేసే గ్రామ కార్యకర్త, కుమ్మరి కులస్తురాలు. 1992లో ఒక పసిపిల్ల పెళ్లిని ఆపడానికి ప్రయత్నించింది. అది ఆమె ఉద్యోగం. సంప్రదాయానికి అడ్డొచ్చిందని పైకులాల మగవాళ్లు ఆమెను భర్త కళ్లెదుటే సామూహికంగా చెరిచారని ఆమె ఫిర్యాదు. 1995లో కింది కోర్టు అత్యాచారం అభియోగం నుంచి నిందితుల్ని విడుదల చేసింది. అగ్రకులం మగవాడు తక్కువ కులం ఆడదాన్ని తాకి మైలపడడన్న తర్కం ఆ తీర్పులో చోటు చేసుకుంది. ఒక మూఢనమ్మకం సాక్ష్యంగా మారి న్యాయపీఠమెక్కింది. మైల అన్న మాట పగలు మాత్రమే పనిచేస్తుందనీ, రాత్రి ఏ కులం మగవాణ్ణీ ఆపలేదనీ ఈ దేశంలో పొలం పనికెళ్లే ప్రతి దళిత స్త్రీకీ తెలుసు. న్యాయమూర్తికి తెలియలేదు. భన్వరీ ఉదంతం తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెక్కితే 1997లో పనిచోట లైంగిక వేధింపులపై విశాఖ తీర్పు వచ్చింది, పదహారేళ్లకు, 2013లో, చట్టం వచ్చింది.

స్త్రీని దేవతగా కొలిచే వేల ఏళ్ల సంస్కృతి చేయలేని పనిని ఒక కుమ్మరి స్త్రీ మొండితనం చేసిందని ఆ సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషికి చెప్పాలనుంది. దేవతకు జీతం అక్కర్లేదు, ప్రసూతి సెలవు అక్కర్లేదు, ఫిర్యాదు ఉండదు. రాయిలా కూర్చోబెట్టి దండ వేస్తే చాలు. రక్తమాంసాలున్న ఉద్యోగినికి ఇవన్నీ కావాలి. తండ్రిలాంటి అధికారి అన్న మాట మరీ ప్రమాదకరం. తండ్రి మీద ఫిర్యాదు చేసే కూతుర్ని ఈ సమాజం ఏమంటుందో మనకు తెలుసు. ఆ బంధుత్వం అంటగట్టేది ఆమె నోరు కట్టేయడానికే.

ఈ దీవులకు ఇంకో చరిత్ర కూడా ఉందని ఇక్కడి మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. 1858 నుంచి బ్రిటిష్‌వాళ్లు ఖైదీలను ఇక్కడికి తోలారు. సెల్యులర్ జైలును 1896 నుంచి 1906 దాకా ఖైదీల చేతనే కట్టించారు. రంపలో అల్లూరి వెంట నడిచిన మన్యం మనుషుల్ని కూడా ఈ నీళ్లు దాటించారు. ఇక్కడే మిగిలిపోయిన ఖైదీల్లో చాలామంది కులం చూడకుండా, కొన్నిసార్లు మతం కూడా చూడకుండా పెళ్లిళ్లు చేసుకున్నారు. వాళ్ల సంతానమే ఇక్కడ లోకల్ బార్న్ అని పిలిపించుకునే జనం. పంజాబీకీ మదరాసీకీ పుట్టినవాళ్లు, హిందువుకూ ముస్లింకూ పుట్టినవాళ్లు. సంకెళ్లతో దిగినవాళ్లు వదిలేసిన మైలను, టిక్కెట్టు కొనుక్కుని ఓడలో వచ్చిన మనం పెట్టెల్లో మోసుకొచ్చి ఆఫీసు బల్లల మీద పరిచాం.

కాబట్టి పూలగుత్తులు చాలు. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులొకరు ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయని యజమానికి యాభై వేల వరకూ జరిమానా. చిన్న కొట్లలో, ఇళ్లలో, చేపల రేవులో పనిచేసే ఆడవాళ్ల కోసం జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలి. మనకున్నవి మూడు జిల్లాలు: దక్షిణ అండమాన్, ఉత్తర మధ్య అండమాన్, నికోబార్. కమిటీ ఏర్పాటు ఉత్తర్వును అందరికీ కనిపించేచోట అంటించడం యజమాని బాధ్యతని కూడా చట్టంలో ఉంది.

ఇది చదువుతున్న తెలుగు ఉద్యోగులారా, రేపు మీ ఆఫీసుకు వెళ్లగానే ఆ కాగితం కోసం గోడలన్నీ చూడండి. కనిపించకపోతే ఎందుకు లేదో కాగితం మీద రాసి అడగండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆడవాళ్లను ఒంటరిగా అడగనివ్వకండి, మగవాళ్లు కూడా సంతకం పెట్టండి. మీ పేటలో చేపల బుట్ట మోసే ఆమెకు, ఇళ్లలో అంట్లు తోమే ఆమెకు, ఫిర్యాదు చేయడానికి జిల్లా కమిటీ ఒకటి ఉండాలని మీ నోటితో చెప్పండి. బోటు దిగే వేళ ఏ ఆడమనిషినైనా పక్కకు తప్పుకోమంటే, ఆమె పక్కన వెళ్లి నిలబడండి.